పాత నవల ఆఖరి పేజీల్లో ఏముంటుంది

నమస్కారమండీ. ఈ రోజు పాత పుస్తకాల గురించి మాట్లాడుకుందాం, అందులోనూ 19వ శతాబ్దంలో వచ్చిన సాహస నవలలు, సైన్స్ ఫిక్షన్ నవలలు, వాటి మొదటి ఎడిషన్లు వెతికి వెతికి దాచుకునేవాళ్ళ గురించి. కథ కావాలంటే ఇప్పుడు ఏ ఫోన్లో అయినా ఫ్రీగా దొరుకుతుంది కదా, మరి అదే కథ ఉన్న పాత కాపీ కోసం ఇంత తాపత్రయం ఎందుకు అని చాలామంది అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే అది. నేను చెప్పేది ఏంటంటే కథ ఒకటే గానీ పుస్తకం ఒకటి కాదు. కాగితం, అట్ట, లోపలి మ్యాపు, అచ్చుతప్పులు, ఆఖర్న ఎవరూ చదవని ప్రకటనల పేజీలు, ఇవన్నీ కలిసి ఆ పుస్తకం ఎప్పుడు తయారైంది, ఎవరి కోసం తయారైంది అనేది చెప్తాయి, అదంతా ఫోన్లో కథ చదివితే తెలిసేది కాదు.

స్టీవెన్సన్ ట్రెజర్ ఐలండ్ తీసుకోండి. అది 1881 అక్టోబర్ నుంచి 1882 జనవరి దాకా లండన్లో యంగ్ ఫోక్స్ అనే పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చింది, అప్పుడు రచయిత పేరు కెప్టెన్ జార్జ్ నార్త్ అని వేశారు. పుస్తకంగా కాసెల్ కంపెనీ 1883 నవంబర్లో వేసింది, ధర 5 షిల్లింగులు, మొదట అచ్చేసింది 2000 కాపీలు. ఆ కాపీని గుర్తుపట్టడానికి కలెక్టర్లు చూసే గుర్తులున్నాయి, వాటిని ఇష్యూ పాయింట్లు అంటారు. 40వ పేజీ ఆఖరి లైన్లో వెయిన్ అని ఉండాల్సిన చోట రెయిన్ అని పడింది, ఒక్క అక్షరం తేడా. 127వ పేజీ నంబర్లో చివరి 7 కొన్ని కాపీల్లో అసలు పడలేదు. 197వ పేజీలో వర్స్ట్ అని ఉండాల్సింది వర్స్ అని ఉంది. ఇక చివర్లో కాసెల్ వాళ్ళ పుస్తకాల ప్రకటనలుంటాయి, ఆ పేజీ అడుగున చిన్న కోడ్ ఉంటుంది, 5ఆర్-1083 అని, అందులో చివరి అంకెలు 1883లో పదో నెల అని చెప్తున్నాయన్నమాట. ఆ కాలంలో చదివేవాళ్ళు ఆ కోడ్‌ని పట్టించుకునే అవసరమే లేదు, అది కంపెనీ వాళ్ళ లెక్క కోసం వేసుకున్నది, ఇప్పుడు మాత్రం చేతిలో ఉన్న కాపీ వయసు తెలుసుకోవడానికి ముందు అక్కడే చూస్తారు.

ఆ పుస్తకంలో టైటిల్ పేజీకి ఎదురుగా ఉండే మ్యాపుకి ఇంకో కథ ఉంది. నవల పుట్టిందే ఒక మ్యాపు నుంచి, స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కూర్చుని రంగులేస్తూ గీసిన ద్వీపం మ్యాపు అది. దాన్ని కథతో పాటు కాసెల్ వాళ్ళకి పంపిస్తే మ్యాపు మాత్రం అందలేదు. అప్పుడు ఆయన తన కథనే మళ్ళీ మొదట్నుంచి చదువుకుని ఏ కొండ ఎటుందో ఏ వాగు ఎక్కడుందో రాసుకుని, వాటి ప్రకారం తండ్రి ఆఫీసులో కొత్త మ్యాపు గీయించాల్సి వచ్చింది. ఆ రెండోది తనకి ఎప్పుడూ ట్రెజర్ ఐలండ్ అనిపించలేదని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మ్యాపు చిరిగిపోయిన కాపీకి విలువ బాగా పడిపోతుంది, అది బొమ్మ లేదన్న చింత వల్ల కాదండీ, ఆ మ్యాపు లేకపోతే పుస్తకంలో సగం కథ లేనట్టే.

ఇంచుమించు అదే టైంలో అదే కాసెల్ కంపెనీ 1885 సెప్టెంబర్లో రైడర్ హాగర్డ్ రాసిన కింగ్ సోలమన్స్ మైన్స్ తెచ్చింది, అదీ మొదట 2000 కాపీలే, దానికీ ముందు మడతపెట్టిన రంగుల మ్యాపు ఉంటుంది. 307వ పేజీలో వర్డ్ అనే మాటలో రెండు అక్షరాలు తారుమారయ్యాయి, మొదటి ప్రింటు అని చెప్పే గుర్తుల్లో అదొకటి. అంత చిన్న తప్పు కోసం భూతద్దం పట్టుకుని పేజీలు తిప్పేవాళ్ళని చూస్తే కొందరికి వింతగా ఉండొచ్చు గానీ, ఆ తప్పు సరిదిద్దక ముందు కాగితం మీద పడిన అచ్చు అదీ అని తెలిసినప్పుడు కలిగే సంతోషం మాటల్లో పెట్టడం కష్టం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే పాయింట్ల గోల అర్థం కాదు. ఆ రోజుల్లో కంపెనీలు కాగితాలన్నీ ఒకేసారి అచ్చేసి పెట్టుకునేవి, కానీ అన్నిటికీ ఒకేసారి అట్టలు వేయించేవి కావు, అమ్మకం చూసుకుని కొన్ని కొన్ని చొప్పున బైండింగ్‌కి పంపేవి. అందుకని లోపలి అచ్చు ఒకటే అయినా బయటి గుడ్డ రంగు వేరే, వెనక కలిపిన ప్రకటనలు వేరే అవుతాయి. హెచ్.జి. వెల్స్ టైమ్ మెషీన్ 1895లో లండన్లో హైన్‌మాన్ వేసింది, బూడిద రంగు గుడ్డ మీద ఊదా రంగులో స్ఫింక్స్ బొమ్మ, దాంట్లో వెనక 16 పేజీల ప్రకటనలున్న కాపీని ముందుదిగా లెక్కేస్తారు, 32 పేజీలుంటే తర్వాతది. అదే నవల అదే ఏడాది న్యూయార్క్‌లో హెన్రీ హోల్ట్ కంపెనీ కూడా వేసింది, పాపం టైటిల్ పేజీలో రచయిత పేరే హెచ్.ఎస్. వెల్స్ అని తప్పు పడింది, పైగా ఆ రెండిట్లో కథ పాఠం కూడా ఒకేలా ఉండదు. అప్పటికి ఆయన ఇంకా పెద్ద పేరున్న రచయిత కాదు, అది ఆయన మొదటి నవల, ఆ తప్పు చూస్తే ఎవరికైనా ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తా, జూల్ వెర్న్ పుస్తకాలు. ప్యారిస్‌లో పియెర్ జూల్ హెట్జెల్ అనే పబ్లిషర్ 1863లో ఆయన మొదటి నవల, బెలూన్లో అయిదు వారాలు, వేశాడు, తర్వాత సంవత్సరం పిల్లల కోసం ఒక పత్రిక పెట్టాడు, వెర్న్ నవలలు చాలావరకు ముందు అందులో సీరియల్‌గా వచ్చేవి, ఆ తర్వాత బొమ్మలు లేకుండా చిన్న సైజు పుస్తకం, ఆ తర్వాత బొమ్మలతో పెద్ద సైజు పుస్తకం. సముద్రం అడుగున ఇరవై వేల లీగులు నవల 1869 నుంచి 1870 దాకా పత్రికలో వచ్చింది, బొమ్మల ఎడిషన్ 1871లో వచ్చింది. న్యూవిల్, రియూ అనే ఇద్దరు ఆర్టిస్టులు బొమ్మలేశారు, మొత్తం 111. కథలోని నాటిలస్ అనే జలాంతర్గామి కిటికీ దగ్గర నిలబడి బయట సముద్రాన్ని చూస్తున్న మనుషుల బొమ్మ ఉంటుంది చూడండి, జలాంతర్గామి అనగానే జనానికి గుర్తొచ్చే దృశ్యం చాలావరకు అక్కణ్ణుంచి వచ్చిందే అని నా నమ్మకం.

ఆ పెద్ద సైజు పుస్తకాల అట్టలు అసలు చూడాలండీ. ఎక్కువగా ఎర్ర గుడ్డ, దాని మీద బంగారు రంగు, నలుపు, ఇంకా రకరకాల రంగుల్లో అచ్చు కొట్టిన డిజైన్లు, ఒకదాంట్లో రెండు ఏనుగులు, ఒకదాంట్లో భూగోళం, ఒకదాంట్లో స్టీమర్, ఒకదాంట్లో విసనకర్ర, ఇంకోదాంట్లో వెర్న్ ఫోటో అతికించి ఉంటుంది. వెన్ను మీద లైట్‌హౌస్ ఉన్నవి, లంగరు ఉన్నవి వేరు. ఫ్రాన్స్ కలెక్టర్లు నవల పేరు కన్నా ముందు అట్ట పేరు చెప్పుకుంటారు, రెండేనుగులది ఉందా, లైట్‌హౌస్‌ది ఉందా అని. ఇవి కొత్త సంవత్సరం కానుకలుగా పిల్లలకి ఇవ్వడానికి తయారయ్యేవి, అందుకే సంవత్సరం చివర్లో మార్కెట్లోకి వచ్చేవి, ఇంత మెరుపు అందుకే.

అయితే చిక్కు ఎక్కడంటే వీటిల్లో చాలావాటి మీద తేదీ ఉండదు. అప్పుడు ఏది ముందు ఏది తర్వాత ఎలా తెలుస్తుంది? మళ్ళీ ఆ ప్రకటనలే. హెట్జెల్ ప్రతి ఏడూ కొత్త క్యాటలాగ్ వేసి పుస్తకాల్లో కలిపి కుట్టించేవాడు, అందులో అప్పటిదాకా వచ్చిన నవలల పేర్లుంటాయి, కాబట్టి క్యాటలాగ్‌లో ఏ నవల చివరిగా ఉంది, ఏది ఇంకా లేదు అని చూస్తే ఆ కాపీ ఏ ఏడు అట్ట కట్టుకుందో దాదాపు తేలిపోతుంది. దీని మీద కలెక్టర్లు ఏళ్ళ తరబడి కూర్చుని పట్టికలు తయారుచేశారు, ఫిలిప్ జోజాక్ అనే ఆయన లావుపాటి గ్రంథమే వేశాడు. అందుకే చెప్తున్నా, పాత పుస్తకం చేతికొస్తే వెనక పేజీలు పనికిరావని ఎవరైనా చింపేస్తుంటే దయచేసి ఆపండి, కోసేసిన ప్రకటనలతో పాటు ఆ కాపీ పుట్టినతేదీ కూడా పోతుంది.

అట్ట మార్చడం గురించి కూడా అంతే. మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ 1818 జనవరి 1న వచ్చింది, మూడు వాల్యూములు, 500 కాపీలు, రచయిత్రి పేరు లేకుండా. అప్పట్లో పుస్తకం మామూలు అట్టముక్కలతో వచ్చేది, కొన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి తమ బైండర్‌తో మంచి తోలు అట్ట వేయించుకునేవాళ్ళు, ఆ మామూలు అట్ట తీసి పారేసేవాళ్ళు. తోలు అట్టవి అందంగా ఉంటాయి గానీ, పబ్లిషర్ ఇచ్చిన ఆ మామూలు అట్టతో మిగిలినవి చాలా చాలా తక్కువ. అలాంటి కాపీ 2021లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 11 లక్షల 70 వేల డాలర్లకి పోయింది. నా మాట అయితే, పాత పుస్తకాన్ని బాగుచేయిస్తానంటూ కొత్త అట్ట కట్టించడం కంటే చిరుగులతో అలాగే డబ్బాలో పెట్టి ఉంచడం వెయ్యి రెట్లు మేలు.

మెల్విల్ మోబీ డిక్ సంగతి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. 1851 అక్టోబర్లో లండన్లో ది వేల్ అనే పేరుతో మూడు వాల్యూముల్లో 500 కాపీలు వచ్చాయి, అందులో ఆఖరి ముక్క, అంటే కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో చెప్పే భాగం, పడలేదు. ఓడతో పాటు అందరూ మునిగిపోతే ఈ కథ ఎవరు చెప్తున్నారు అని విమర్శకులు నిలదీశారు. మర్నెల్లో న్యూయార్క్‌లో హార్పర్స్ వేసినదాంట్లో ఆ భాగం ఉంది. కానీ 1853 డిసెంబర్లో హార్పర్స్ భవనం తగలబడి అమ్ముడుపోని కాపీలు సుమారు 300 బూడిదయ్యాయి. ఒక పుస్తకం అరుదు కావడానికి ఇలాంటి కారణాలుంటాయి.

ఎక్కువ శాతం కారణం మాత్రం చాలా మామూలుది, పిల్లలు చదివి చదివి చింపేశారు అంతే. 5 షిల్లింగుల సాహస నవల అల్మరాలో అలంకారానికి కొన్నది కాదు, చేతులు మారింది, పేజీ మూలలు మడతపడ్డాయి, మ్యాపు ఊడింది. అమెరికాలో అయితే 1891లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చేదాకా బ్రిటన్ నవలల్ని అనుమతి లేకుండానే చవక కాగితం మీద వేసి కొన్ని సెంట్లకి అమ్మేవాళ్ళు, వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు, పైగా చెక్క గుజ్జు కాగితం, ఆమ్లం వల్ల పసుపెక్కి ముట్టుకుంటే విరిగిపోతుంది. చవకది అరుదైపోవడం అంటే అదే. సీరియల్‌గా వచ్చిన పత్రికలూ అంతే, వార్ ఆఫ్ ది వరల్డ్స్ 1897లో పియర్సన్స్ మ్యాగజైన్లో ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా వచ్చింది, పుస్తకం 1898లో. ఫస్ట్ ఎడిషన్ అంటే అందరూ పుస్తకమే అంటారు గానీ నేనైతే ఆ తొమ్మిది నెలల పత్రికలకే ఓటేస్తా, జనం ఆ కథని మొదట చదివి భయపడింది ఆ పేజీల్లోనే కదా.

మోసాలు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. ఒక కాపీలో లేని మ్యాపునో ప్రకటనల పేజీలనో ఇంకో పాడైన కాపీ నుంచి తెచ్చి అతికిస్తారు, కొత్త దారం, జిగురు, కాగితం రంగులో తేడా చూస్తే పట్టుకోవచ్చు. కాగితమే సాక్ష్యం చెప్పిన పెద్ద కేసు 1934లో బయటపడింది, జాన్ కార్టర్, గ్రాహమ్ పోలార్డ్ అనే ఇద్దరు బ్రిటిష్ పుస్తక వ్యాపారులు, పేరున్న రచయితల తొలి ముద్రణలని చెలామణి అవుతున్న చిన్న పుస్తకాల కాగితం పరీక్ష చేయించారు, పైన వేసిన తేదీ నాటికి అలాంటి కాగితం తయారే కావడం లేదని తేలింది, దాంతో ఆ నకిలీల వెనకున్న థామస్ వైజ్ అనే మహా పేరున్న కలెక్టర్ బండారం బయటపడింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఒక్క రచయితని, కుదిరితే ఒక్క నవలనే పట్టుకోండి. ముందు లైబ్రరీలు నెట్లో పెట్టిన స్కాన్లు చూసి మొదటి ఎడిషన్ ప్రతి పేజీ కళ్ళకి అలవాటు చేసుకోండి, తర్వాతి ప్రింట్లు, బొమ్మలున్న పాత చవక ఎడిషన్లు తక్కువలో దొరుకుతాయి, వాటితో చెయ్యి తిరుగుతుంది. ఎండ తగలనివ్వకండి, వెన్ను రంగు ముందు పోయేది ఎండకే. తేమ ఉంటే పేజీల మీద గోధుమరంగు మచ్చలొస్తాయి, ఫాక్సింగ్ అంటారు, అది వచ్చాక పోగొట్టడం మామూలువాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

ఇంత శ్రద్ధ వల్ల ఏం ఒరుగుతుంది అంటే పియెరో గొండోలో దెల్లా రీవా గురించి చెప్పాలి. ఇటలీలో టూరిన్‌కి చెందిన ఆయన చిన్నప్పట్నుంచీ వెర్న్‌కి సంబంధించినదల్లా పోగుచేశాడు, పుస్తకాలు, పోస్టర్లు, ఉత్తరాలు, బొమ్మలు, వేల కొద్దీ. వెర్న్ 1905లో చనిపోయాక ఆయన పేరుతో ఇంకా కొన్ని నవలలు వచ్చాయి. హెట్జెల్ కుటుంబం దగ్గరున్న రాతప్రతుల కాపీలతో 1970ల చివర్లో ఈయన వాటిని పోల్చి చూస్తే, కొడుకు మిషెల్ వాటిని చాలా మార్చేశాడని, పాత్రలు కలిపాడని, అధ్యాయాలకి అధ్యాయాలే రాశాడని తేలింది. దాంతో 1980ల్లో వెర్న్ అసలు రాసిన రూపంలోనే ఆ నవలలు ఒక్కొక్కటిగా అచ్చయ్యాయి, ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. ఆయన సేకరణని 2000లో ఫ్రాన్స్‌లోని అమియాన్ కొనుక్కుంది, వెర్న్ చివరిదాకా బతికిన ఊరు అది, అక్కడ ఆయన ఉన్న ఇల్లే ఇప్పుడు మ్యూజియం, ఆ సేకరణలోవి చాలా అక్కడికి వెళ్ళినవాళ్ళు చూడొచ్చు. ఉంటానండీ, నమస్కారం.