"లావయ్యావు, పరిగెత్తు" అంటే ప్రోత్సాహమేనా?

అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

మా క్లినిక్‌కి వచ్చే తల్లిదండ్రులు తరచూ అనే మాట ఒకటుంది: "రోజూ చెబుతూనే ఉన్నాం డాక్టరుగారూ, వీడు కదలడు." చెబుతున్నారు, నిజమే. ఏమని చెబుతున్నారన్నదే నాకు అనుమానం.

ఇందులో ఒక చిక్కుంది. వ్యాయామం చెయ్యమని ఎక్కువగా చెప్పించుకునేది కాస్త బొద్దుగా ఉన్న పిల్లలే. ఏదో ఒకరోజు లెక్కలు తీసి చూస్తే, తల్లిదండ్రులు చెప్పేకొద్దీ పిల్లలు లావవుతున్నట్టు కనిపించినా కనిపించొచ్చు! అందుకే కొన్నేళ్లపాటు అవే కుటుంబాలను వెంబడించి చూడాలి.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు టీనేజ్ పిల్లల తిండి, బరువుల మీద ప్రాజెక్ట్ ఈట్ అనే అధ్యయనం పేరుతో ఆ పని చేశారు. 2008లో వాళ్లు ప్రచురించిన ఫలితం చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. పిల్లల బరువు ఎక్కువని సరిగ్గా గుర్తించిన తల్లిదండ్రులు, గుర్తించనివాళ్లకంటే అదనంగా చేసింది డైటింగ్ చెయ్యమనడం. ఇంట్లో కూల్‌డ్రింకులు తగ్గలేదు, అందరూ కలిసి తినడం పెరగలేదు. ఆటలాడమని ప్రోత్సహించడంలోనూ తేడా లేదు. ఐదేళ్లు గడిచాక చూస్తే, డైటింగ్ చెయ్యమనిపించుకున్న పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, అధిక బరువు అలాగే ఉండిపోవడం ఎక్కువగా కనిపించింది. 2013లో అక్కడి పరిశోధకులే ఇంకో సంగతి చెప్పారు. ఇంట్లో బరువు గురించి మాటలు నడిస్తే పిల్లలు కడుపు మాడ్చుకోవడం, ఆపుకోలేక అతిగా తినెయ్యడం ఎక్కువట.

వ్యాయామాన్ని బరువుతో ముడిపెట్టి చెబితే అదీ డైటింగ్ లాంటి శిక్షే అవుతుందని నా అభిప్రాయం. "పొట్ట చూసుకో, పార్కుకి వెళ్లు" అంటే ఏ పిల్లాడు వెళ్తాడు?

11 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల్లో ప్రపంచమంతటా 81 శాతం మందికి అది అందలేదు. ఆడపిల్లల్లో 85 శాతం. మన దగ్గర ఇంటర్ పిల్లలకు ఆ గంట ఎక్కడుంది? తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఆదివారం టెస్టు. ఆడపిల్లయితే పెద్దమనిషి అయ్యాక ఆటలు మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గంట మనమే లాక్కుని, బద్ధకం పిల్లలదంటాం.

అందుకని కాలేజీవాళ్లను ఆ గంట అడగండి. షటిల్ బ్యాట్లు రెండు కొని, ఒకటి మీరు పట్టుకోండి. బరువు సంగతి నాకు వదిలెయ్యండి. ఎదిగే వయసులో బరువు పెరగడం మామూలే, దాన్ని వయసువారీ చార్టులో చూసుకోవడం మా పని.

ఇక మీ ప్రశ్నలు అడగండి.