ఐరిష్ ఓరల్: బట్టీ ఎంతవరకు పనికొస్తుంది?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం ఎపిసోడ్ ముఖ్యంగా ఐర్లండ్‌లో ఉన్న తెలుగు వాళ్ళ కోసం. ఇంట్లో సిక్స్త్ ఇయర్, అంటే స్కూల్ ఆఖరి ఏడాది పిల్లలుంటే ఈపాటికి మీకూ ఈ టెన్షన్ తెలిసే ఉంటుంది. స్కూల్ చదువు చివర్లో వచ్చే లీవింగ్ సర్ట్ రాత పరీక్షలు జూన్‌లో ఉన్నా, ఐరిష్ ఓరల్, అంటే ఐరిష్ భాషలో మాట్లాడే పరీక్ష మాత్రం ఈస్టర్ సెలవుల దగ్గరే వచ్చి పడుతుంది. మా వాడు ఇప్పుడు ఫిఫ్త్ ఇయర్, వచ్చే ఏడాది వాడి వంతు. కాబట్టి ఇందులో నా స్వార్థం కూడా ఉంది. ఇవాళ్టి గెస్ట్ డబ్లిన్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. హయ్యర్ లెవెల్‌లో, అంటే పై స్థాయిలో ఐరిష్ చదివి, ఇప్పుడు ప్రైమరీ టీచర్ కోర్సు చేస్తూ గ్రైండ్స్ చెబుతోంది. ఇండియా నుంచి వినేవాళ్ళకు ఒక మాట, ఇక్కడ ట్యూషన్లను గ్రైండ్స్ అంటారు. రామ్మా.

గెస్ట్: థాంక్యూ ఆంటీ. నా తెలుగులో అక్కడక్కడా డబ్లిన్ యాస దొర్లితే ఏమనుకోకండి.

హోస్ట్: మా వాడి తెలుగు కంటే నయమేలే. సరే, మనవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే. "ఎగ్జెంప్షన్ తెచ్చుకుంటే పోలా, మనకెందుకండీ ఐరిష్?"

గెస్ట్: వచ్చేవాళ్ళు తెచ్చుకోవచ్చు. అందరికీ రాదు. వేరే దేశం నుంచి వచ్చి, 12 ఏళ్ళు నిండాక ఇక్కడి స్కూల్లో చేరిన పిల్లలకు ఇస్తారు. 2019 వరకు ఆ వయసు 11 ఉండేది. చదవడం రాయడంలో బాగా ఇబ్బంది ఉన్న పిల్లలకు వేరే నిబంధన ఉంది. ఇక్కడే పుట్టినవాళ్ళూ, మూడేళ్ళకో నాలుగేళ్ళకో వచ్చినవాళ్ళూ వయసు పేరు చెప్పి తప్పించుకోలేరు. ఇంకోటి, "ఐరిష్ పాసవ్వకపోతే యూసీడీలో, అదే యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో సీటు రాదట" అని కొందరు కంగారుపడతారు. ఆ రూల్ ఉన్నమాట నిజమే కానీ, ఐర్లండ్ రిపబ్లిక్ బయట పుట్టిన పిల్లలు దాన్నుంచి మినహాయింపు కోసం అప్లై చేసుకోవచ్చు. రెండు మినహాయింపులూ వేరు వేరు, కలిపేయకూడదు.

హోస్ట్: టీచర్ అవ్వాలంటే మాత్రం తప్పదు కదా?

గెస్ట్: అస్సలు తప్పదు. ప్రైమరీ టీచింగ్‌కి హయ్యర్ లెవెల్‌లో కనీసం హెచ్ 4 గ్రేడ్ రావాలి. నేను ఐరిష్ మీద అంత కష్టపడింది అందుకే.

హోస్ట్: ఇప్పుడు మార్కులు చెప్పు. మనవాళ్ళకి లెక్క చెబితేనే బుర్రకెక్కుతుంది.

గెస్ట్: మొత్తం 600లో ఓరల్‌కే 240, అంటే 40 శాతం. 2012కి ముందు 25 శాతమే ఉండేది. కాలేజీ సీటు లెక్కలో హయ్యర్ మ్యాథ్స్‌కి ఇచ్చే 25 బోనస్ పాయింట్ల కోసం మన ఇళ్ళలో ఎంత హడావుడి చేస్తారో మీకు తెలుసు. ఇక్కడేమో జూన్‌లో పెన్ను పట్టకముందే సబ్జెక్టులో 40 శాతం తేలిపోతుంటే పట్టించుకోరు.

హోస్ట్: ఆ 240 ఎలా పంచుతారు?

గెస్ట్: పలకరింపుకి 5, పద్యం చదవడానికి 35, బొమ్మల కథకి 80, సంభాషణకి 120. అంతా కలిపి పావుగంటలో అయిపోతుంది. ఎగ్జామినర్ వేరే స్కూల్ టీచర్. మాటలన్నీ రికార్డ్ అవుతాయి.

పలకరింపు అంటే పేరు, వయసు, పుట్టినతేదీ, అడ్రసు, ఎగ్జామ్ నంబర్. ఇవి నిద్రలో లేపి అడిగినా వచ్చేయాలి. నంబర్ దగ్గర తడబడేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే ఒక్కో అంకె ఐరిష్‌లో చెప్పాలి. ఇది మాత్రం హాయిగా బట్టీ కొట్టొచ్చు.

హోస్ట్: పద్యం కూడా బట్టీయేనా?

గెస్ట్: కాదు, పేజీ ఎదురుగానే ఉంటుంది. నిర్ణయించిన పద్యాల్లోంచి ఒకదాంట్లో కొన్ని లైన్లు చదవమంటారు. ఇక్కడ చూసేది ఉచ్చారణ, భావం. మా బ్యాచ్‌కి "గేవన్" అనే కవిత ఉండేది. ఉష్ణమండలం నుంచి తెచ్చి జూలో పెట్టిన జంతువు తన గోడు చెప్పుకుంటుంది. లైన్లన్నీ చిన్నచిన్నవి. గబగబా చదివేస్తే కిరాణా చిట్టా చదివినట్టే ఉంటుంది. ప్రతి లైను చివరా ఆగాలి.

మన పిల్లలకు ఇక్కడ ఒక లాభం ఉంది ఆంటీ. ఐరిష్‌లో చాలాచోట్ల పలికేది మన త, ద లాంటి శబ్దాలే. "తా" అనాల్సిన చోట ఇంగ్లీష్ అలవాటులో "టా" అనేస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకి ఒక్కసారి చెబితే చాలు, సరిగ్గా పలికేస్తారు. ఇక గొంతులోంచి వచ్చే ఖ, హైదరాబాదీ ఉర్దూ చెవిన పడ్డవాళ్ళకి కొత్తేం కాదు.

హోస్ట్: మా అత్తగారిది పాతబస్తీ పక్కనే. వాణ్ణి ఆవిడ దగ్గర కూర్చోబెడతాను. (నవ్వు) బొమ్మల కథ సంగతేంటి?

గెస్ట్: దాన్ని "స్రా పిక్చూర్" అంటారు. ఒక్కో కథకి ఆరు బొమ్మలు. ఆ ఏడాది ఏ కథలుంటాయో ముందే తెలుస్తుంది. పరీక్ష గదిలో బల్ల మీద బోర్లించి పెడతారు, చేతికి ఏదొస్తే అది చెప్పాలి. కాబట్టి అన్నీ రావాలి, ఒక్కటి కూడా వదలడానికి లేదు. ఇక్కడ బట్టీ సగం పనిచేస్తుంది. మిగతా సగం బొమ్మ చూస్తూ చెప్పడం. మూడో బొమ్మ దగ్గర ఒక మాట మర్చిపోతే, కంఠతా పట్టినవాడు మళ్ళీ మొదటి బొమ్మకి పోతాడు. చూస్తూ చెప్పేవాడు ఆ మాట వదిలేసి, పిల్లాడి మొహంలో ఏముందో, వెనకాల ఎవరు నిలబడ్డారో చెబుతూ పోతాడు.

హోస్ట్: అంటే 120 మార్కుల సంభాషణే అసలు గండం.

గెస్ట్: గండం కాదు, అదే అవకాశం. కానీ మనవాళ్ళు అక్కడే బట్టీకి అతుక్కుపోతారు. ఇళ్ళ కొరత మీద ఒక పేజీ, డ్రగ్స్ మీద ఒక పేజీ, ఐరిష్ భాష పరిస్థితి మీద ఒక పేజీ. అప్పజెబుతుంటే ఎగ్జామినర్ మధ్యలో ఆపి "మీ వీధిలో అద్దెలెలా ఉన్నాయ్?" అంటారు. అంతే, నోట మాట రాదు. ఒకసారి చేసి చూద్దామా? మీరు మీ అబ్బాయి అనుకోండి. నేను ఎగ్జామినర్‌ని. తెలుగులోనే చేద్దాం.

హోస్ట్: కానీ.

గెస్ట్: పోయిన వీకెండ్ ఏం చేశావ్?

హోస్ట్: ఇంట్లోనే ఉన్నాను. టీవీ చూశాను.

గెస్ట్: టీవీలో ఏం చూశావ్?

హోస్ట్: మ్యాచ్.

గెస్ట్: ఏం మ్యాచ్?

హోస్ట్: క్రికెట్. ... అయ్యో, అచ్చం మా వాడే. ఫోన్లో మా అమ్మతో కూడా వాడి ధోరణి ఇంతే.

గెస్ట్: ఇక్కడ మాట్లాడుతున్నదంతా ఎగ్జామినరే. ఇప్పుడు నేను మీ అబ్బాయిని. "వీకెండ్‌లో మా క్లబ్ తరఫున క్రికెట్ ఆడాను, కానీ వాన వల్ల మ్యాచ్ సగంలో ఆగిపోయింది. మా నాన్నకైతే నాకంటే పిచ్చి. 2007లో సెయింట్ పాట్రిక్స్ డే రోజే ఐర్లండ్ పాకిస్తాన్‌ని ఎలా ఓడించిందో ఇప్పటికీ చెబుతుంటాడు." ఇది విన్నాక మీరేం అడుగుతారు?

హోస్ట్: ఆ మ్యాచ్ కథేంటో చెప్పమంటాను.

గెస్ట్: మీ అబ్బాయి తయారై వచ్చింది సరిగ్గా ఆ ప్రశ్నకే. నేను పిల్లలకి జవాబులు రాసివ్వను. ప్రతి జవాబు చివర ఎగ్జామినర్ పట్టుకునేలా ఏం వదలాలో కూర్చుని వెతుక్కుంటాం. ఎగ్జామినర్ రోజంతా హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ లాంటి ఇక్కడి ఆటల గురించే వింటూ ఉంటారు. క్రికెట్‌కి ఐరిష్‌లో మాట ఉంది, "క్రుకేద్". బంతి, బ్యాటు, టీము, గెలిచాం, ఓడాం, ఈ పదాలు పట్టుకుంటే భూతకాలం మొత్తం వచ్చేస్తుంది.

హోస్ట్: 2011 బెంగళూరు మ్యాచ్ కూడా కలపమంటాను. ఇంగ్లండ్ మీద కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టాడు చూడు, అది. మా ఆయన దాని గురించి మొదలెడితే అన్నం చల్లారిపోవాల్సిందే.

గెస్ట్: కలపండి, కానీ అబ్బాయికి నిజంగా ఇష్టమైతేనే. నోట్స్‌లో "నాకు పుస్తకాలంటే ప్రాణం" అని ఉంటుంది, పిల్లలు అదే చెప్పేస్తారు. "ఈమధ్య ఏం చదివావ్?" అంటే ఇక నేల చూపులు. ఉగాది కూడా మంచి టాపిక్. కొన్ని ఏళ్ళు ఓరల్‌కి కాస్త ముందే వస్తుంది, అలాంటప్పుడు "ఈమధ్య ఇంట్లో ఏం చేశారు?" అంటే చెప్పడానికి పచ్చడి ఉంది. తీపికి "మిలిష్", చేదుకి "షారవ్". వేపపువ్వు ఎందుకు వేస్తారో చెప్పాలంటే మటుకు ముందే ఇంట్లో అడిగి తెలుసుకుని వెళ్ళాలి. ఎగ్జామినర్ తప్పకుండా అడుగుతారు.

హోస్ట్: గ్రామర్ లేకుండా ఎలా?

గెస్ట్: ఉంటుంది. మూడు కాలాలు, దాంతోపాటు "అయితే, గియితే" ప్రశ్నలు. "లాటరీ తగిలితే ఏం చేస్తావ్?" అనేది ఇక్కడ పాతకాలం నుంచీ ఉన్న ప్రశ్న. ఆ క్రియారూపాలంటే అందరికీ దడే. కానీ పరీక్షలో చెప్పేది ఎక్కువగా "నేనైతే" అనే. "నేనుండేదాన్ని" అంటే "వేన్", "వెళ్ళేదాన్ని" అంటే "రాఖిన్". ఇలాంటివి ఓ డజను నోటికొస్తే గట్టెక్కొచ్చు. ఇంకోటి, ఐరిష్‌లో అవునూ కాదూ అని విడిగా మాటల్లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పాలి. ఇంగ్లీష్‌లో ఆలోచించే పిల్లలు అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. మనమేమో "తిన్నావా?" అంటే "తిన్నాను" అనే అంటాం కదా.

హోస్ట్: ఎగ్జామినర్ యాస అర్థంకాకపోతే?

గెస్ట్: అది నిజమైన సమస్యే. "ఎలా ఉన్నావ్?" అనడానికే మన్స్టర్, కానక్ట్, అల్స్టర్ అని ప్రాంతాన్ని బట్టి మూడు రకాలు. స్కూల్లో "కొనస్ అతా తూ" నేర్పితే, గాల్వే వైపు వాళ్ళు "కే ఖీ విల్ తూ" అంటారు, డొనెగల్ వాళ్ళు "గొజే మర్ అతా తూ" అంటారు. స్కూల్ బస్సులో 20 నిమిషాలు రేడియో నా గేల్‌తాఖ్త పెట్టుకుంటే చాలు, చెవి అలవాటు పడుతుంది. 1972 నుంచీ నడుస్తున్న ఐరిష్ భాషా స్టేషన్ అది, మూడు ప్రాంతాల గొంతులూ వినిపిస్తాయి. టీవీ కావాలంటే ఐరిష్ ఛానెల్ టీజీ 4 ఉండనే ఉంది. అప్పటికీ ప్రశ్న అర్థంకాకపోతే, మళ్ళీ చెప్పమని ఐరిష్‌లోనే అడగాలి. అదీ సంభాషణే. ఇంగ్లీష్‌లోకి మాత్రం జారకూడదు.

హోస్ట్: సమ్మర్‌లో గేల్‌తాఖ్త్, అంటే ఐరిష్ మాట్లాడే ఊళ్ళకి పంపమంటారు అందరూ. ఖర్చుకి తగ్గ ఫలితం ఉంటుందా?

గెస్ట్: ఉంటుంది, ఫిఫ్త్ ఇయర్‌కి ముందో తర్వాతో వెళితే. కనెమారా, డింగిల్ ద్వీపకల్పం, డొనెగల్, ఎక్కడైనా సరే. ఎక్కువ కోర్సులు మూడు వారాలుంటాయి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఉంచుతారు. ఆ ఇంటావిడని "బాన్ అ తీ" అంటారు. భోజనం ఆవిడే వండి పెడుతుంది. ఇంగ్లీష్ మాట్లాడుతూ పదేపదే దొరికితే ఇంటికి పంపేస్తారు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే రాసివ్వండి, అక్కడికెళ్ళాక చెబితే మూడు వారాలూ బంగాళాదుంపలే.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. ఐరిష్ ఒక్క ముక్క రాని నాలాంటి తల్లి ఇంట్లో ఏం సాయం చేయగలదు?

గెస్ట్: బొమ్మల పుస్తకం మీ చేతిలో పెట్టుకోండి. వాణ్ణి ఐరిష్‌లో కథ చెప్పమనండి. మీకు మాటలు అర్థంకావు, బొమ్మలు అర్థమవుతాయి. వాడు ఏ బొమ్మ దగ్గర ఆగిపోయాడో మీకు తెలిసిపోతుంది. ఆ బొమ్మ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టండి. మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టించండి, మొదటి బొమ్మ నుంచి కాదు. ఫోన్లో రికార్డ్ చేసి వాడికే వినిపించండి. నేను చెప్పే పిల్లలు చాలామంది తమ గొంతు తాము మొదటిసారి వినేది అప్పుడే, "ఇంత మెల్లగా గొణుగుతున్నానా?" అంటారు.

హోస్ట్: మా వాడు ముందు తలుపేసుకుంటాడు.

గెస్ట్: అయితే ఉగాది పచ్చడి గురించి అడగడంతో మొదలుపెట్టండి ఆంటీ. ముందు తెలుగులో చెప్పనివ్వండి. తెలుగులో రెండు నిమిషాలు చెప్పలేనిది ఐరిష్‌లో అసలే చెప్పలేడు.

హోస్ట్: అది కూడా సందేహమే. (నవ్వు) సరేనమ్మా, చాలా థాంక్స్. వింటున్నవాళ్ళకి ఓరల్ గురించి ఇంకా ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పంపండి, తనని మళ్ళీ పిలుద్దాం.