ఫినాయిల్ వాసన వస్తే చాలదు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి శివార్లలో వీధికుక్కలను చేరదీసే ఒక షెల్టర్‌కు నేను ఆదివారాలు వెళ్తుంటాను. మొదట్లో గదులు కడగడమంటే పైపుతో నీళ్ళు కొట్టి, పైన ఫినాయిల్ చల్లడమే అనుకునేదాన్ని. ఘాటుగా వాసన వస్తే శుభ్రమైపోయినట్టే లెక్క.

ఒకసారి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి ఒక కుక్కపిల్ల చనిపోయింది. ఆ గదిని అలాగే కడిగి, వారం తర్వాత మూడు పిల్లల్ని పెట్టాం. ఆరో రోజు పొద్దున ఒకటి పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, రక్త విరేచనాలు. మూడింటిలో ఒక్కటే దక్కింది.

పార్వో వైరస్ నేల పగుళ్ళలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. పిల్లులకైతే ఆ ఫినాయిలే విషం, కాళ్ళకు అంటుకున్నది నాకేస్తాయి కదా. వైరస్ చావాలంటే బ్లీచ్ కావాలి. అదైనా మురికి మీద పోస్తే దాని బలమంతా మురికికే సరిపోతుంది. అందుకే ముందు కుక్కను బయటకు తీసి, పెంట, వెంట్రుకలు ఎత్తేసి, సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి తోమాలి. గోడా నేలా కలిసే మూల, తలుపు కడ్డీల వెనకవైపు మరీ ముఖ్యం. పైకి తళతళలాడే కడ్డీ వెనక ఒకసారి వేలు పెట్టి రాస్తే నల్లటి జిడ్డు వచ్చింది. రోగం దాక్కునేది అక్కడే.

తోమిన సబ్బంతా పోయేలా కడిగాక బ్లీచ్. ఐదు శాతం ద్రావణమైతే లీటరు నీళ్ళకు 30 మిల్లీలీటర్లు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నేల పది నిమిషాలు తడిగానే ఉండాలి. ఈ పది నిమిషాలు ఆగడమే అందరికీ కష్టం. తర్వాత మళ్ళీ కడిగి, ఆరనివ్వాలి. బ్లీచ్‌లో యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, ఆ గాలి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లల గదులు, తర్వాత పెద్దవాటివి, జబ్బువాటివి చిట్టచివర. జబ్బుగదుల చీపురుకు మేం ఎర్రగుడ్డ కట్టాం, అది ఆ గడప దాటదు. చెప్పులూ అంతే.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. నేల ఆరదు, ఎలుకలు లోపలికి చేరతాయి. వాటి మూత్రం వల్ల వచ్చే ఎలుక జ్వరం కుక్కలకే కాదు, కడిగే మనుషులకూ సోకుతుంది. గ్లవుజులు, బూట్లు లేకుండా ఎవరినీ ఆ పనికి పంపకండి. పని చేసేది వాళ్ళు, ప్రాణాలూ వాళ్ళవే.

ఇంట్లో పార్వోతో పిల్లను పోగొట్టుకున్నవాళ్ళకు ఒక్క మాట. పెరటి మట్టిని బ్లీచ్‌తో బాగుచేయలేం. బెంగ కొద్దీ వెంటనే ఇంకో చిన్నపిల్లను తెచ్చుకోకండి. తెచ్చుకుంటే టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తెచ్చుకోండి.

నమస్కారం.