పేపర్ తెరవకముందే

శ్రోతలందరికీ నమస్కారం.

పొద్దున్నే టీ కొట్టు బెంచీ మీద కాసేపు కూర్చుని వినండి. పేపర్లో పైన పెద్ద అక్షరాల్లో ఏముందో, మాటలు దాని చుట్టూనే తిరుగుతాయి. ఒకాయన ఔనంటాడు, ఇంకొకాయన కాదంటాడు. వాదన ఏదైనా విషయం మాత్రం అదే. దీన్ని లెక్కగట్టి చూపించిన ఇద్దరి గురించి ఈరోజు చెబుతాను.

మాక్స్‌వెల్ మెకోమ్స్, డొనాల్డ్ షా. ఇద్దరూ అమెరికాలో జర్నలిజం పాఠాలు చెప్పేవాళ్లు. అంతకుముందు పత్రికల్లో విలేఖరులుగా పనిచేసినవాళ్లు. ఆ సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఏ వార్త ఎక్కడ, ఎంత సైజులో పడాలో రాత్రిపూట డెస్కు దగ్గర ఎలా తేలుతుందో తెలిసినవాళ్లు వాళ్లు.

1967లో మెకోమ్స్ లాస్ ఏంజెలస్‌లో ఉండగా, ఒకరోజు అక్కడి పేపర్లో మొదటి పేజీ కోసం మూడు పెద్ద వార్తలు పోటీపడ్డాయి. మామూలు రోజైతే పైన ఉండాల్సిన వార్త ఒకటి కిందికి జారింది. మిత్రులతో కూర్చున్నప్పుడు అదే చర్చ. పేపర్లో చిన్నగా పడితే, ఆ సంఘటన జనం మనసులోనూ చిన్నదైపోతుందా?

అదే ఏడాది ఆయన నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌కు వచ్చి షాతో కలిశాడు. తర్వాత 1968 అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. నిక్సన్, హంఫ్రీ, వాలెస్ పోటీలో ఉన్నారు. ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని వీళ్లు ఎంచుకున్నారు. తేల్చుకోని వాళ్లే ఎందుకు? మనసులో ఒక పార్టీని ఖాయం చేసుకున్న మనిషి తనకు నచ్చిందే వింటాడు. తేల్చుకోనివాళ్లు ఇంకా చెవి ఒగ్గి ఉంటారు.

వాళ్లను అడిగిన ప్రశ్న ఇది: నాయకులు ఏమన్నా సరే, ప్రభుత్వం ముందు పట్టించుకోవాల్సిన రెండు మూడు విషయాలు ఏవని మీకనిపిస్తోంది?

ఆ రోజుల్లోనే రెండోవైపు పేపర్లు, పత్రికలు, టీవీ వార్తలు, మొత్తం తొమ్మిదింటిని ముందేసుకున్నారు. టీవీలో 45 సెకన్లో, అంతకంటే ఎక్కువో ఉంటే పెద్ద వార్త. మొదటి మూడు వార్తల్లో ఉన్నా పెద్ద వార్తే. ఇలా ఒక్కో వార్తనూ కొలిచారు. విదేశాంగ విధానం, శాంతిభద్రతలు, ఆర్థిక వ్యవహారాలు, సంక్షేమం, పౌరహక్కులు. ఈ ఐదింటిలో దేనికి ఎంత చోటు దక్కిందో వరుస పెట్టారు.

తర్వాత రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూశారు. జనం చెప్పిన వరుస, వార్తల వరుస. పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, పెద్ద వార్తల విషయంలో వచ్చిన అంకె 0.967. దాదాపు ఒకటే! 1972లో ఇది అచ్చయింది. అజెండా సెట్టింగ్, అంటే జనం దేని గురించి ఆలోచించాలో వార్తలే ఖాయం చేయడం, అనే మాట అక్కడి నుంచే పాకింది.

అయితే పేపర్ వల్ల జనం అలా అనుకున్నారా, జనం మనసే పేపర్లోకి ఎక్కిందా? న్యాయమైన అనుమానం. వాళ్లకూ వచ్చింది. అందుకే 1972 ఎన్నికల్లో షార్లెట్ నగరంలో కొందరిని ఎంచుకుని, వార్తలు ముందు మారతాయా, జనం మాట ముందు మారుతుందా అని చూడటానికి ఆ మనుషుల్నే మళ్లీ మళ్లీ కలిశారు. నాకు వీళ్ల మీద గౌరవం కలిగేది ఇక్కడే. తమ అంకెను చూసి మురిసిపోలేదు, మళ్లీ తలుపులు తట్టారు.

ఇది చదివాక నేనొక పని మొదలుపెట్టాను. పేపర్ తెరవకముందే, మా ఇంటికీ మా వీధికీ ముఖ్యమైన రెండు విషయాలు పాత క్యాలెండర్ కాగితం వెనక రాస్తాను. రాత్రి పడుకునే ముందు, ఆ రోజంతా దేని గురించి మాట్లాడానో దాని కిందే రాస్తాను. మొదటి రోజు పైన రాసినవి: కుళాయి నీళ్లు, అబ్బాయి కాలేజీ ఫీజు. కింద రాసింది ఒక నాయకుడి మాట మీద రేగిన గొడవ. వారమంతా రాశాను. నీళ్ల మాట కిందికి దిగింది ఒక్క రోజే, ట్యాంకర్ కూడా రాని రోజు.

మీరూ రేపు పొద్దున్న రాసి చూడండి. రెండే విషయాలు. పేపర్ మడత విప్పకముందే, ఫోన్ చేతిలోకి తీసుకోకముందే, ఆ మాటకొస్తే ఈ రేడియో పెట్టకముందే.