వర్డ్‌లో క్రాప్ చేసిన భాగం ఎక్కడికి పోతుంది? వర్డ్, రైటర్, గూగుల్ డాక్స్ ఫొటో టూల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం అండి. డాక్యుమెంట్‌లో ఫొటో పెట్టడం ఇప్పుడు అందరికీ వచ్చు. పెట్టిన ఫొటోను కావలసినంత మేరకు కత్తిరించి, పేజీలో కుదురుగా కూర్చోబెట్టే దగ్గరే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. కాలేజీ ప్రాజెక్ట్ రిపోర్ట్, పెళ్లి బయోడేటా, పూర్వ విద్యార్థుల సమ్మేళనం సావనీర్... వీటికి మనవాళ్లు ఎక్కువగా వాడేది మైక్రోసాఫ్ట్ వర్డే కాబట్టి ఈ వీడియోలో దానికే ఎక్కువ టైమ్ ఇస్తాను. తర్వాత ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ రైటర్, గూగుల్ డాక్స్ చూద్దాం. మూడింట్లోనూ ఒకే నమూనా తీసుకున్నాను. సావనీర్‌లో ఒక పేజీ అనుకోండి. పైన హెడ్‌మాస్టారి ఫొటో, పక్కన ఆయన సందేశం, కింద గ్రూప్ ఫొటో.

ముందు వర్డ్. ఫొటో మీద క్లిక్ చేయగానే పైన పిక్చర్ ఫార్మాట్ అనే ట్యాబ్ వస్తుంది. అందులో కుడివైపు చివర్లో ఉంటుంది క్రాప్. అది నొక్కితే ఫొటో అంచుల్లో, మూలల్లో మందమైన నల్ల గీతలు కనిపిస్తాయి. వాటిని లోపలికి లాగితే ఫొటో కత్తిరించబడుతుంది. మామూలుగా క్లిక్ చేస్తే వచ్చే గుండ్రటి చుక్కలు వేరు, అవి సైజు మార్చడానికి. పక్కనున్న చుక్క పట్టుకుని లాగితే మనిషి సన్నబడటమో సాగిపోవటమో జరుగుతుంది. సావనీర్లలో పెద్దల మొహాలు సాగదీసినట్టు కనిపించేది ఇందువల్లే. సైజు మార్చాలంటే మూల చుక్కనే పట్టుకోండి.

క్రాప్ చేసేటప్పుడు కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని పక్క గీతను లాగితే రెండు పక్కలా సమానంగా తగ్గుతుంది. అదే కంట్రోల్‌తో మూల గీతను లాగితే నాలుగు వైపులా సమానంగా తగ్గుతుంది. మనిషి ఫొటో మధ్యలో ఉన్నప్పుడు ఇది చాలా హాయి. పని అయ్యాక ఎస్కేప్ నొక్కండి, లేదా బయట ఎక్కడైనా క్లిక్ చేయండి.

క్రాప్ బటన్ కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే ఇంకో మెనూ తెరుచుకుంటుంది. క్రాప్ టు షేప్, యాస్పెక్ట్ రేషియో (అంటే వెడల్పు ఎత్తుల నిష్పత్తి) అక్కడే ఉంటాయి. హెడ్‌మాస్టారి ఫొటో గుండ్రంగా రావాలనుకోండి. షేప్స్‌లో ఓవల్ ఎంచుకుంటే ఫొటో కొలతలను బట్టి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. దాని తర్వాత యాస్పెక్ట్ రేషియోలోకి వెళ్లి 1:1 పెట్టండి, అచ్చమైన వృత్తం వస్తుంది. అప్పుడు ఫొటోను లోపలే అటూ ఇటూ జరిపి మొహం మధ్యకు తెచ్చుకోవచ్చు.

అప్లికేషన్ ఫొటోలకు మనల్ని ఎక్కువగా అడిగే కొలత 3.5 సెంటీమీటర్లు, 4.5 సెంటీమీటర్లు. ఆ నిష్పత్తి ఈ మెనూలో లేదు. కంటికి ఆనినట్టు లాగాల్సిన పని కూడా లేదు. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ పిక్చర్ తెరవండి, కుడివైపు ప్యానెల్‌లో బొమ్మ గుర్తు నొక్కితే అడుగున క్రాప్ అనే విభాగం ఉంటుంది. అందులో క్రాప్ పొజిషన్ కింద వెడల్పు 3.5, ఎత్తు 4.5 అని టైప్ చేయండి. మీ వర్డ్ అంగుళాల్లో ఉంటే అంకె పక్కన సెం.మీ. అని అర్థం వచ్చే సీ, ఎం అక్షరాలు కూడా కొట్టండి, అదే మార్చుకుంటుంది. క్రాప్‌లో నాకు బాగా నచ్చింది ఈ ప్యానెలే. చాలామంది దీన్ని తెరిచి కూడా చూడరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ వీడియో చేయడానికి కారణం కూడా ఇదే.

వర్డ్‌లో క్రాప్ చేసిన భాగం ఎక్కడికీ పోదండి. ఫైల్‌లోనే ఉంటుంది. వర్డ్ దాన్ని మీకు చూపించడం మానేస్తుంది, అంతే. నమ్మకం కుదరకపోతే స్క్రీన్ మీద చూడండి. ఇది ఒక నమూనా గుర్తింపు కార్డు బొమ్మ. నంబరు ఉన్న కింది భాగం క్రాప్ చేసి, పేరూ ఫొటో మాత్రం ఉంచి, ఫైల్ సేవ్ చేశాను. ఇప్పుడు ఆ ఫైల్‌కు ఒక కాపీ తీసి, పేరు చివర ఉన్న డాట్ డాక్స్ (.docx) తీసేసి డాట్ జిప్ (.zip) అని పెడుతున్నాను. డాక్స్ ఫైల్ అంటే లోపల జిప్ ఫైలే. తెరిస్తే వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్ ఉన్నాయి. ఆ మీడియాలో ఉన్న బొమ్మ తెరుస్తున్నాను. చూశారా, కార్డు మొత్తం ఉంది, నంబరుతో సహా.

ఈ జిప్ తంతు కూడా అక్కర్లేదు. ఆ డాక్యుమెంట్ అందుకున్న వాళ్లెవరైనా ఫొటో మీద క్లిక్ చేసి క్రాప్ నొక్కితే చాలు, మీరు దాచిన భాగం బూడిద నీడలో కనిపిస్తుంది. అద్దెకు ఇల్లు తీసుకునేటప్పుడు, ఉద్యోగానికి పంపేటప్పుడు ఆధార్‌ను వర్డ్‌లో పేస్ట్ చేసి, నంబరు క్రాప్ చేసి పంపే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి అలా పంపకండి. ఆధార్ వెబ్‌సైట్‌లోనే మాస్క్డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే అందులో కనిపిస్తాయి.

మరి వర్డ్‌లో నిజంగా తీసేయాలంటే ఎలా? ఫొటో సెలెక్ట్ చేసి, పిక్చర్ ఫార్మాట్ ట్యాబ్‌లో కంప్రెస్ పిక్చర్స్ నొక్కండి. అక్కడ డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్ అనే దానికి టిక్ ఉండాలి. పైన ఉన్న అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్ టిక్ తీసేస్తే డాక్యుమెంట్‌లోని అన్ని ఫొటోలకూ ఒకేసారి వర్తిస్తుంది. ఓకే కొట్టి, సేవ్ చేసి, మళ్లీ క్రాప్ నొక్కి చూడండి. బూడిద నీడ రాకూడదు. దీని తర్వాత రీసెట్ పిక్చర్ నొక్కినా పాత భాగం తిరిగి రాదు, కాబట్టి అసలు ఫొటో విడిగా దాచుకోండి. బాగా రహస్యమైనదైతే నేను చెప్పే పద్ధతి ఇంకా సులువు. పెయింట్‌లో ముందే కత్తిరించి, కొత్త పేరుతో సేవ్ చేసి, ఆ ఫైల్‌నే వర్డ్‌లో పెట్టండి.

2023 మార్చిలో బయటపడిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ను క్రాప్ చేసి సేవ్ చేస్తే, కత్తిరించిన భాగంలోని డేటా కొంత ఫైల్ చివర్లో మిగిలిపోతోందని పరిశోధకులు చూపించారు. కొద్ది రోజుల్లోనే విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటి లోపమే కనిపించింది. రెండింటికీ అప్‌డేట్లు ఇచ్చి సరిచేశారు. అక్కడ అది బగ్. వర్డ్‌లో ఇది కావాలని పెట్టిన సదుపాయం, తర్వాత మనసు మారితే ఫొటో వెనక్కి తెచ్చుకోవడానికి. సదుపాయం మంచిదే. కానీ అది ఉందని వాడేవాళ్లకు తెలియాలి కదా.

కంప్రెస్ మాట వచ్చింది కాబట్టి సావనీర్ పని చేసేవాళ్లకు ఒక మాట. వర్డ్ మామూలుగా ఫొటోలను 220 పీపీఐకి, అంటే అంగుళానికి 220 పిక్సెళ్లకు, తగ్గించి సేవ్ చేస్తుంది. ఇంట్లో ప్రింటర్‌కు అది చాలు. ప్రెస్సుకు ఇచ్చేదైతే 300 అడుగుతారు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ కింద డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్ అని ఉన్న చోట టిక్ పెట్టండి. ఇది ఫొటోలు పెట్టకముందే చేయాలి. ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటుంటే, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, సైజు తగ్గకుండా వస్తాయి.

అయినా క్రాప్‌కు ఒక హద్దు ఉంది. గ్రూప్ ఫొటో ఎంత పెద్దదైనా అందులోంచి ఒక్క మొహం క్రాప్ చేస్తే 300 పిక్సెళ్ల వెడల్పు మిగిలిందనుకుందాం. దాన్ని పేజీలో 2.5 సెంటీమీటర్ల వెడల్పున పెడితే దాదాపు 300 పీపీఐ, చక్కగా ఉంటుంది. అదే ముక్కను 10 సెంటీమీటర్లకు లాగితే 76 పీపీఐ మాత్రమే. కళ్లూ ముక్కూ అలికినట్టు అయిపోతాయి. పెద్దగా కావాలంటే వేరే ఫొటో అడిగి తెచ్చుకోవడమే మార్గం.

ఇక స్టైల్స్. వర్డ్ 2007 నుంచీ పిక్చర్ స్టైల్స్ వరుస ఉంది. తెల్ల ఫ్రేమ్, నల్ల ఫ్రేమ్, నీడ, కింద ప్రతిబింబం, మెత్తటి అంచులు, వాలుగా నిలబెట్టిన ఫొటో. మౌస్ పెట్టగానే ఎలా ఉంటుందో కనిపిస్తుంది, చూడ్డానికి సరదాగా ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్రింట్ కోసమైతే వీటిలో ఎక్కువ శాతం వద్దు. మన రిపోర్టులు చివరికి జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో వస్తాయి. స్క్రీన్ మీద అందంగా కనిపించిన నీడ, ప్రతిబింబం అక్కడ బూడిద మరకల్లా వస్తాయి. పిక్చర్ బోర్డర్‌లో సగం పాయింట్ బూడిద గీత పెట్టి చూడండి, పేజీ ఎంత నిలకడగా కనిపిస్తుందో. ప్రతి ఫొటోకూ ఒకే గీత, ఒకే వెడల్పు. ఒక ఫొటోకు పెట్టాక ఫార్మాట్ పెయింటర్ నొక్కి రెండో ఫొటో మీద క్లిక్ చేస్తే అదే స్టైల్ దానికీ వస్తుంది.

వీటికంటే కరెక్షన్స్ బటన్ నిజంగా పనికొస్తుంది. క్లాస్‌రూమ్‌లో తీసిన చీకటి ఫొటోకు బ్రైట్‌నెస్ 20 శాతం పెంచి చూడండి, ప్రింట్‌లో మొహాలు తేటగా వస్తాయి. ఇక, మీ ఫైల్ పాత డాట్ డాక్ (.doc) రకమైతే ఈ టూల్స్‌లో కొన్ని పనిచేయవు. పైన కంపాటిబిలిటీ మోడ్ అని కనిపిస్తే ఫైల్, ఇన్ఫో, కన్వర్ట్ నొక్కండి.

ఫొటో పెట్టగానే సన్నటి పీలిక మాత్రమే కనిపిస్తే టెన్షన్ పడకండి, ఫొటో బాగానే ఉంది. ఆ పేరాకు లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్లీ అని ఉంటుంది, దాన్ని సింగిల్ చేయండి. సందేశం ఫొటో పక్కనే రావాలంటే ర్యాప్ టెక్స్ట్‌లో స్క్వేర్ పెట్టండి.

లిబ్రే ఆఫీస్ రైటర్‌కు వద్దాం. ఇక్కడా క్రాప్ ఉంది, అంకెలు టైప్ చేసే క్రాప్ ట్యాబ్ కూడా ఉంది. అందులో కీప్ స్కేల్ ఎంచుకోండి. కీప్ ఇమేజ్ సైజ్ పెట్టి ఒక పక్కే కత్తిరిస్తే మిగిలిన ఫొటో ఆ చోటంతా నిండేలా సాగుతుంది. నేరుగా గుండ్రంగా కత్తిరించే బటన్ లేదు. వృత్తం గీసి, దాని ఏరియాలో బొమ్మ నింపుకోవాలి, కొంచెం తిప్పలే. కానీ స్టైల్స్ విషయంలో రైటర్‌కే నా ఓటు. పెట్టిన ప్రతి ఫొటో గ్రాఫిక్స్ అనే ఫ్రేమ్ స్టైల్‌ను తీసుకుంటుంది. ఆ స్టైల్‌లో ఒక్కసారి అంచు గీత మారిస్తే, చేత్తో విడిగా మార్చని ఫొటోలన్నీ మారిపోతాయి. వంద పేజీల థీసిస్ రాసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కత్తిరించిన భాగం ఇక్కడా ఫైల్‌లో ఉంటుంది కాబట్టి పెయింట్ సలహా దీనికీ వర్తిస్తుంది.

గూగుల్ డాక్స్‌లో ఫొటో మీద డబుల్ క్లిక్ చేస్తే క్రాప్, ఎంటర్ కొడితే పూర్తి. మూడింట్లో అన్నిటికంటే సులువు ఇదే. అంచు గీత, రంగు మార్పు, పారదర్శకత, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఉన్నాయి. ఆకారంలో కత్తిరించడం, నీడ పెట్టడం గూగుల్ స్లైడ్స్‌లో ఉన్నాయి గానీ డాక్స్‌లో లేవు. అన్నట్టు, రీసెట్ ఇమేజ్ నొక్కితే కత్తిరించిన భాగం తిరిగొస్తుంది. ఎడిట్ చేసే అనుమతి మీరు ఎవరికి ఇచ్చారో వాళ్లంతా ఆ బటన్ నొక్కగలరు.

ఒకటి రెండు పేజీల బయోడేటా, సావనీర్ పేజీ అయితే వర్డ్ తీసుకోండి, క్రాప్‌లో దానికి సాటి లేదు. పొడవైన రిపోర్ట్ అయితే రైటర్. నలుగురు కలిసి రాసే డ్రాఫ్ట్ అయితే డాక్స్. ఈ మూడు టూల్స్ తయారుచేసే వాళ్లనూ నేను కోరేది ఒక్కటే. క్రాప్ పూర్తి చేసిన చోటే, కత్తిరించిన భాగం ఫైల్‌లో ఉంది, తీసేయాలా అని ఒక్క లైన్ చూపించండి. తెలుగులో కూడా చూపించండి.