అరకులో ఆ స్థలం కొనకండి

అందరికీ నమస్కారం.

ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభల్లో థింసా నృత్యం ఉంటుంది, అతిథులు కూడా నాలుగు అడుగులు వేస్తారు, ఫొటోలు దిగుతారు. ఇక్కడ ఆ ముచ్చట అయిపోయింది కాబట్టి నేను భూమి గురించి మాట్లాడతాను. ఆదివాసుల పక్షాన ఉన్నామని చెప్పడం మనలాంటి గిరిజనేతరులకు తేలిక. మన జేబుకు చిల్లు పడేటప్పుడు కూడా ఆ మాట మీద ఉంటామా?

1/70 చట్టం గురించి వినే ఉంటారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో ఇంకా గట్టిగా బిగించారు. అప్పటి నుంచి ఏజెన్సీలో, అంటే ఆదివాసుల షెడ్యూల్డ్ ప్రాంతంలో, భూమి ఎవరిదైనా సరే, ఆదివాసులకు తప్ప అమ్మితే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా ఒకప్పుడు ఆదివాసిదేనని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. దీని మీద మనవాళ్ల కోపం నాకు తెలుసు, మా చుట్టాల ఇళ్లలోనే విన్నాను. కానీ షావుకారు అప్పు కింద పొలాలకు పొలాలు చేతులు మారాకే ఈ చట్టం వచ్చింది.

ఇప్పుడు షావుకారు స్థానంలో హోమ్‌స్టే వచ్చింది. అరకు దారిలో మంచి వ్యూ ఉన్న స్థలం, కాగితం మీద ఒక ఆదివాసి పేరు, పెట్టుబడి మాత్రం సిటీ నుంచి. ఇలాంటి ఆఫర్ మీలో కొందరికి వస్తుంది, ఇప్పటికే వచ్చి కూడా ఉండొచ్చు. తెచ్చేది స్నేహితుడే అయి ఉంటాడు కాబట్టి వద్దనడం ఇబ్బందే. వద్దనండి. తీసుకుంటే మాత్రం వచ్చే ఏడాది ఈ సభకు రాకండి.

ఇదే చట్టం పెద్ద కంపెనీలకూ అడ్డం నిలిచింది. అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర ఖనిజం తవ్వుకోవడానికి ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి లీజు ఇచ్చింది. సమత అనే సంస్థ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలైలో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒప్పుకున్నారు: ఈ చట్టానికి ప్రభుత్వం కూడా అతీతం కాదు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని తన భూమిని సైతం గిరిజనేతర కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు. సంస్థ పేరు తీర్పు మీద ఉంది, సరే. కానీ ఊరు కదలకుండా నిలబడకపోతే ఏ వకీలైనా ఏం చేయగలడు?

ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సంగతీ ఇంతే. కుమ్రం భీమ్‌ను 1940లో చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన్ని పంపింది. ఆ ఆస్ట్రియా పండితుడు మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నాడు. పట్టాలు ఇవ్వాలని ప్రభుత్వానికి చెప్పాడు, గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే టీచర్లను తయారు చేయించాడు. మంచి మనిషి, సందేహం లేదు. అయినా జోడేఘాట్‌లో రక్తం చిందాకే సర్కారుకు ఆయన అవసరం పడింది. మనం ఆయన కథ చెప్పేటప్పుడు ఈ వరస తరచూ తారుమారవుతుంది.

ఇక లా విద్యార్థులకు ఒక పని. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరించినట్టు దరఖాస్తుదారుకు నేరుగా తెలియజేయాలి. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఈ సంగతులు తెలియక గడువు దాటితే ఆ కుటుంబం నష్టపోతుంది. కాగితం చదివి పెట్టడానికి, వాంగ్మూలం రాయడానికి, సబ్ డివిజన్ ఆఫీసుకు తోడు వెళ్లడానికి మనుషులు కావాలి. గ్రామసభ పిలిస్తేనే వెళ్లండి. అక్కడ మైకు మీరు పట్టుకోకండి. రాసిన కాగితం వాళ్ల భాషలో చదివి వినిపించే మనిషిని ఆ ఊళ్లోనే వెతుక్కోండి, సంతకాలు ఆ తర్వాతే.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. 1/70 మీద కోపం ఉన్నవాళ్లు ముందు అడగండి.