ఈ వారం రిస్క్-ఫైవ్ (అనుకున్నాం)

బావ: అందరికీ నమస్కారం. ఈ వారం రిస్క్-ఫైవ్. ఆ రకం ప్రాసెసర్లో మెమరీని పేజీలనే ముక్కలుగా చూస్తారు కదా, ఏ పేజీని క్యాష్ చేయాలో, అంటే దగ్గరే కాపీ ఉంచుకోవాలో, దేన్ని వదిలేయాలో ఆ ముక్కల పట్టిక, అదే పేజీ టేబుల్ ఎంట్రీలో ఎలా చెప్తారు అన్నది...

బామ్మర్ది: ముందు నా 23 బైట్ల సంగతి బావా.

బావ: మొదలెట్టాడు.

బామ్మర్ది: నాలుగు రోజులు పోయాయి నాకు! ఎక్స్86, అదే ఇంటెల్ రకం ప్రాసెసర్ మీద ఏళ్ల తరబడి నడిచిన డ్రైవరు, కార్డు మెమరీని ఐఓరీమ్యాప్ చేసి, అంటే కెర్నల్ అందుకోగల అడ్రసు తెచ్చుకుని, దాంట్లోకి మామూలు మెమరీకి వాడే మెమ్‌కాపీ కొడుతుంది. ఆర్మ్64 బోర్డు మీద 32 బైట్ల మెసేజీ వెళ్తుంది, 23 బైట్లది పంపగానే అడ్రసు సరిగ్గా గడి అంచున లేదని ప్రాసెసర్ ఆగిపోతుంది, అదే అలైన్‌మెంట్ ఫాల్ట్.

బావ: 23కే ఎందుకు?

బామ్మర్ది: అక్కడి మెమ్‌కాపీ మొదటి 16 బైట్లు రాస్తుంది, మిగిలిన తోక కోసం చివర్నుంచి వెనక్కి లెక్కేసి ఇంకో 16 రాస్తుంది, మధ్యలో కొన్ని రెండుసార్లు పడినా పట్టించుకోదు. 32 అయితే రెండో రాత 16 దగ్గర మొదలవుతుంది. 23 అయితే 7 దగ్గర. డివైస్ మెమరీగా మ్యాప్ చేసిన చోట ఆర్మ్ దాన్ని ఒప్పుకోదు. ఎక్స్86 అన్‌క్యాష్డ్ అయినా నోరెత్తదు, అదే మనల్ని చెడగొట్టింది.

బావ: అందుకే ఎంటీఆర్ఆర్ రోజులే నయమంటాను, ఏ అడ్రసుల రేంజికి ఏ క్యాష్ రకమో చెప్పే ఎక్స్86 రిజిస్టర్లవి. ఒక్క రేంజికి రైట్-కంబైన్, అంటే రాతల్ని కూడగట్టి పంపమని రాస్తే, ఐఓరీమ్యాప్ ఇచ్చే యూసీ-మైనస్ అనే అన్‌క్యాష్డ్ రకం కూడా దానికి తలొంచేది.

బామ్మర్ది: ఎంటీఆర్ఆర్, ఒకటి. లెక్కపెట్టుకోండి.

బావ: రైట్-కంబైన్ రకం ఐఓరీమ్యాప్ ఉంది కదా, ఐఓరీమ్యాప్ డబ్ల్యూసీ, అది పెట్టాల్సింది. ఆర్మ్64లో అది నార్మల్ నాన్-క్యాషబుల్, అంటే క్యాష్ లేని మామూలు మెమరీ, అలైన్‌మెంట్ గొడవే ఉండదు.

బామ్మర్ది: ఫాల్ట్ పోతుంది, దాంతోపాటు ఆర్డరూ పోతుంది! డేటా వచ్చింది చూసుకో అని కార్డుకి చెప్పే డోర్‌బెల్ రిజిస్టర్ అదే పేజీలో ఉంది. డేటా చేరకముందే బెల్ మోగితే?

బావ: మధ్యలో డబ్ల్యూఎంబీ పెట్టు, రాతల వరుస తప్పనివ్వని బారియర్.

బామ్మర్ది: చదివితే క్లియరైపోయే స్టేటస్ రిజిస్టర్ కూడా అక్కడే ఉంది. నార్మల్ మెమరీ కదా అని సీపీయూ ముందే ఊహించి చదివేస్తే ఏ బారియర్ ఆపుతుంది? చివరికి డివైస్ మెమరీ కోసమే ఉన్న మెమ్‌కాపీ టుఐఓ పెట్టాను, అయిపోయింది.

బావ: కెర్నల్ కోడ్‌లో తప్పులు పట్టే స్పార్స్ అరవలేదా? డివైస్ మెమరీ అని గుర్తు వేసిన ఐఓమెమ్ పాయింటర్ కదా.

బామ్మర్ది: అరిచేదే. ఎవరో ఆ గుర్తు బలవంతంగా తీసేసే ఫోర్స్ క్యాస్ట్ పెట్టి నోరు మూయించారు. ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ చూశాను.

బావ: ...

బామ్మర్ది: పేరు చదవనా?

బావ: వద్దులే. పొద్దున్నే డెమో ఉందిరా ఆ రోజు.

బామ్మర్ది: డెమో ముందు, ఆ పచ్చడి సీసా రాత్రా?

బావ: అదే.

బామ్మర్ది: ఛ. ముందే చెప్పొచ్చుగా, నాలుగు రోజులూ ఎవణ్ణో తిట్టుకున్నాను.

బావ: సరే, రిస్క్-ఫైవ్. ఎస్‌వీపీబీఎంటీ అని ఎక్స్‌టెన్షన్, పేజీకి మెమరీ రకం చెప్పేది, పేజీ టేబుల్ ఎంట్రీలో 62, 61 బిట్లు. సున్నా అయితే ఆ అడ్రసుకి హార్డ్‌వేర్ ముందే పెట్టుకున్న లక్షణమే, ఒకటి నాన్-క్యాషబుల్, రెండు ఐఓ. లైనక్స్‌లో 5.19 నుంచి ఉంది, 2022లో.

బామ్మర్ది: ఆల్విన్నర్ డీ1 అనే రిస్క్-ఫైవ్ చిప్పులో ఉన్న సీ906 కోర్ మాత్రం ఆ పై బిట్లనే తన సొంత అర్థంతో వాడేసింది. అందుకే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ తన కోడ్ తనే దిద్దుకుంటుంది.

బావ: ఎంటీఆర్ఆర్‌లో ఇలాంటి తలనొప్పి...

బామ్మర్ది: రెండు!

బావ: వినరా, పెంటియం ప్రోలో అసలు...

బామ్మర్ది: బావా, ల్యాప్‌టాప్‌లో 2 శాతం ఉంది, చార్జర్ నీ దగ్గరే క